ఏడుగురం లోపలికెళ్ళాం, గంటలో బయటపడలేకపోయాం... మీ ఎస్కేప్ రూమ్ కథలు చెప్పండి

నిజాంపేట_నిద్రలేమి
ఆదివారం, రాత్రి 10:12

నిన్న మా డిగ్రీ బ్యాచ్ ఏడుగురం కలిశాం. ఎప్పుడు కలిసినా బిర్యానీ తినడం, గ్రూప్ ఫొటో దిగడం, "మళ్ళీ కలుద్దాం రా" అనుకుని రెండేళ్ళు మాయమవడం మామూలే. ఈసారి కొత్తగా ఏదైనా చేద్దామని మా బ్యాంకాయన ఎస్కేప్ రూమ్ బుక్ చేశాడు. మనిషికి 900 పడింది. హైదరాబాద్‌లోనే, పేరు మాత్రం అడక్కండి.

థీమ్ "దొరవారి గడీ". చీకటి హాలు, గోడకి జింక తల, పడక్కుర్చీ, గ్రామఫోను, మూలన ఇంత పెద్ద భోషాణం. దొర ఊరి నుంచి తిరిగొచ్చేలోపు దాచిపెట్టిన దస్తావేజు పట్టుకుని బయటపడాలి. టైము 60 నిమిషాలు. చేతికో వాకీటాకీ ఇచ్చి "మూడు క్లూలు అడగొచ్చు సార్" అని చెప్పి ఆ కుర్రాడు తలుపేసేశాడు.

తలుపు పడగానే ఏడుగురం ఏడు మూలలకి పరిగెత్తాం. ఒకడు జింక కొమ్ములు తిప్పుతున్నాడు. ఇంకొకడు తివాచీ ఎత్తాడు. గోడ గడియారం 10:10 దగ్గర ఆగిపోయి ఉంటే, కనిపించిన ప్రతి తాళానికీ 1010 కొట్టి చూశాం. షాపులో అమ్మే గడియారాలన్నీ 10:10 దగ్గరే ఉంటాయని గుర్తురావడానికి పది నిమిషాలు పట్టింది.

అసలు దెబ్బ ఖాతా పుస్తకం దగ్గర తగిలింది. అందులో వడ్లు, నువ్వులు, బెల్లం, నెయ్యి అని నాలుగు పద్దులు. ఒక్కోదాని ఎదురుగా ఒక్కో వంకర గీత. అవి పాతకాలం కరణాల గొలుసుకట్టు రాతలో ఉన్న అక్షరాలని మా బ్యాచ్ టాపర్ తేల్చేశాడు. వాడు తేల్చాక ఇంకెవరు నోరెత్తుతారు? అరగంట సేపు వాటిని అక్షరాలుగా చదవడానికి కుస్తీ పట్టాం. "యమరప" అంటాడొకడు, "ఏదైనా ఊరి పేరేమో" అంటాడు ఇంకొకడు.

52వ నిమిషంలో మూడో క్లూ అడిగాం. వాకీటాకీలో జవాబు: "సార్, మీలో ఒకరు ఇప్పటికే చెప్పేశారు."

ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మా గ్యాంగ్‌లో ఒకడున్నాడు, కాలేజీలో మౌనముని అనేవాళ్ళం. వాడు మెల్లగా చెయ్యెత్తాడు. "ఇవి తెలుగు అంకెలురా. మా తాత పాత పుస్తకాల్లో పేజీ నంబర్లు ఇలాగే ఉంటాయి. మొదట్లోనే చెప్పాను."

౭, ౩, ౨, ౯. 7329 కొడితే భోషాణం తెరుచుకుంది. లోపల ఇంకో పెట్టె, దానికింకో తాళం! అది తీసేలోపు లైట్లు వెలిగిపోయాయి. ఆ కుర్రాడు తలుపు తీసి "ఇంకొక్క తాళమే సార్" అంటుంటే కడుపు మండిపోయింది.

ఏడుగురం తెలుగువాళ్ళం, అందులో నలుగురు పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ సిగ్గు సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు మీరు చెప్పండి. ఎంతమంది వెళ్తే బాగుంటుంది? పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

———

పులిహోర_ప్రియుడు
ఆదివారం, రాత్రి 10:31

900 పెట్టి మరీ తాళం వేయించుకున్నారా! మా హాస్టల్లో వార్డెన్ ఈ పని ఫ్రీగా చేసేవాడు. క్లూలు కూడా ఉండేవి కావు.

———

మెదక్_మల్లన్న
ఆదివారం, రాత్రి 10:44

అన్నా, మస్తు రాసినవ్. గా టాపర్ అసుంటోడు మా దోస్తుల్ల గూడ ఒకడున్నడు. వాడు ఒక్క మాటంటే మిగిలినోళ్ళం తలకాయ ఊపుడే.

మేం నలుగురం పోయినం, బ్యాంకు దొంగతనం థీమ్. ఆఖరి నిమిషంల తాళం తెరుసుకున్నది. బయటికొచ్చినంక ఫొటో దింపుతరు గదా, చేతిల "మేం తప్పించుకున్నం" అని బోర్డు పెట్టి. గా ఫొటోల మా మొఖాలు జూస్తే నిజంగనే బ్యాంకు దోచినట్టున్నయ్.

ఒక్కటి జెప్త. నలుగురైతేనే మంచిగుంటది. ఏడుగురు పోతే ఇద్దరు ఆడుతరు, ఐదుగురు గోడలకు ఆనుకొని నిలబడతరు.

———

తాళంచెవి
ఆదివారం, రాత్రి 11:20

బెంగళూరులో రెండేళ్ళు గేమ్ మాస్టర్‌గా చేశాను. అంటే పక్క గదిలో కూర్చుని, కెమెరాల్లో మీ తిప్పలు చూస్తూ, వాకీటాకీలో క్లూలిచ్చే వాడిని.

మీ కథలో ఆ కుర్రాడిచ్చిన మూడో క్లూ చదివి నవ్వుకున్నాను. ఆ మాట నేనూ చాలాసార్లు అన్నాను. రోజుకి ఐదారు బృందాల్ని చూస్తే తెలిసిపోతుంది, జవాబు గదిలోకి వచ్చేది చాలా తొందరగానే. ఎవరో ఒకరు చెప్పేస్తారు. పక్కవాడు వినడు. చెప్పినవాడికి తన మీద తనకే నమ్మకం ఉండదు, ఇంకోసారి అనడు. అక్కణ్ణుంచి అరగంట ఆ జవాబు చుట్టూనే ప్రదక్షిణలు. ఆఫీసు టీమ్‌లతో వచ్చే మేనేజర్లయితే గది మధ్యలో నిలబడి చేతులూపుతుంటారు. తాళం తీసేది మూలనున్న ట్రైనీ అమ్మాయి.

పనికొచ్చే మాటలు కొన్ని చెప్తాను. దొరికిన ప్రతి వస్తువునీ ఒకే బల్ల మీద పెట్టండి, జేబులో వేసుకోవద్దు. ఒకాయన తాళంచెవి జేబులో వేసుకుని మర్చిపోయి, గంటసేపు అందరితో కలిసి అదే తాళంచెవిని వెతికాడు! ఒక తాళంచెవి పని ఒక తాళంతో అయిపోయిందంటే సాధారణంగా దాన్ని అక్కడే వదిలెయ్యొచ్చు. కనిపించినదల్లా పైకి చెప్పండి, "ఇక్కడ నాలుగు నీలం సీసాలున్నాయి" అన్నంత చిన్న విషయమైనా సరే. గది అవతలి మూల ఇంకొకడు నాలుగు నీలం గీతల్ని చూస్తూ ఉంటాడు.

స్విచ్ బోర్డులు మాత్రం విప్పకండి బాబూ. "ఇది ఆటలో భాగం కాదు" అని స్టిక్కర్ అంటించినా, ఆ స్టిక్కర్ వెనకాల ఏముందోనని దాన్నే పీకేవాళ్ళు.

———

గడినుడి_తాతయ్య
సోమవారం, ఉదయం 6:05

నిజాంపేట బాబూ, నాకు తెల్లారగట్ల నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. నీ టపా చదివి కాఫీ చల్లార్చుకున్నాను.

గంటంటే రెండున్నర గడియలు. గడియకి 24 నిమిషాలు. తలుపుకి వేసేదాన్ని కూడా గడియే అంటాం. గడీ లోపల, గడియ వేసి, రెండున్నర గడియల గడువు! ఆ ఆట కట్టినవాడు కావాలని పెట్టాడో లేదో గానీ నాకు మాత్రం ముచ్చటేసింది.

మా చిన్నప్పుడు ఇవన్నీ లేవు, పొడుపు కథలే. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." పిల్లలెవరైనా ఉంటే అడగండి.

ఈ ఆట ఎక్కడ పుట్టిందో తెలిసినవారు చెప్తారా?

———

కంప్యూటర్_కుంభకర్ణ
సోమవారం, ఉదయం 9:48

తాతయ్య గారూ, కనురెప్పలు. :)

పుట్టుక సంగతి నేను చెప్తాను. ముందు వచ్చింది కంప్యూటర్లో. 2004లో తొషిమిత్సు తకాగి అనే జపాన్ ఆయన "క్రిమ్సన్ రూమ్" అని చిన్న ఆట తయారు చేశాడు. ఎర్రటి గదిలో ఇరుక్కుపోతాం, మౌస్‌తో ఒక్కో వస్తువునీ నొక్కుతూ బయటపడాలి. ఇంటర్నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలిచ్చి ఆడిన బాపతు నేను. పాస్‌పోర్ట్ అప్లికేషన్ నింపడానికని ఇంట్లో చెప్పి వెళ్ళేవాణ్ణి.

దాన్ని నిజం గదిలోకి దించింది కూడా జపాన్ వాళ్ళే. 2007లో క్యోటోలో తకావో కాటో, ఆయన కంపెనీ స్క్రాప్, "రియల్ ఎస్కేప్ గేమ్" పేరుతో జనాన్ని పోగుచేసి ఆడించారు. 2011లో హంగరీలోని బుడాపెస్ట్‌లో అట్టిలా గ్యుర్కోవిచ్ పారాపార్క్ తెరిచాడు. బుడాపెస్ట్‌లో పాడుబడ్డ పాత భవనాలు, నేలమాళిగలు బోలెడు. సెట్టింగుకి పెద్దగా ఖర్చుపెట్టే పనే లేదు, భయం సగం గోడల్లోనే ఉంది. యూరప్ అంతా ఈ ఆట పాకడానికి ఆ ఊరే పెద్ద అడ్డా అయింది.

———

పులిహోర_ప్రియుడు
సోమవారం, ఉదయం 10:02

ఇంత చదువూ చదివి పాస్‌పోర్ట్ వచ్చిందా లేదా అన్నది చెప్పలేదు.

———

వైజాగ్_అలలు
సోమవారం, మధ్యాహ్నం 1:15

నాది కాస్త వేరే కథ. ఇరుకు గదులంటే నాకు పడదు. లిఫ్ట్‌లో కూడా కళ్ళు మూసుకుంటాను. ఫ్రెండ్స్ బలవంతపెడితే జైలు థీమ్‌కి వెళ్ళాను. అక్కడ ఆట మొదలవడమే చేతికి సంకెళ్ళేసి, నన్ను ఒక సెల్‌లో, మిగతావాళ్ళని పక్క సెల్‌లో పెట్టారు. రెండు నిమిషాలకే అరచేతులు చల్లబడిపోయాయి. గొంతు తడారిపోయింది. వాళ్ళేమో "నీ గోడ మీద ఏం రాసుందే?" అని అరుస్తున్నారు. నాకు గోడే కనపడట్లేదు.

"తలుపు తీయండి" అని కెమెరా వైపు చూసి చెయ్యి ఊపాను. వెంటనే తీశారు, ఆ విషయంలో వాళ్ళని తప్పు పట్టను. పది నిమిషాలు బయట కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ వెళ్ళాను. ఈసారి సెల్ తలుపు తెరిచే ఉంచారు. అలా ఆడితే ఎంత బాగుందో! గోడ మీద గీతలు లెక్కపెట్టి తాళం తీసింది నేనే.

నాలాంటి వాళ్ళు బుక్ చేసేటప్పుడే ఫోన్లో అడగండి. సంకెళ్ళు ఉంటాయా, ఎవరినైనా విడిగా పెడతారా, మనుషులు మీదకి దూకుతారా అని. కథ చెప్పకుండానే ఇవన్నీ చెప్పొచ్చు వాళ్ళు.

———

కొంపల్లి_కోడలు
సోమవారం, మధ్యాహ్నం 2:40

అలలు అక్కా, మీరు అడగమన్నారు కాబట్టి అడుగుతున్నా. నిజంగా తాళం వేస్తారా? మా వాడికి పదకొండేళ్ళు, పుట్టినరోజుకి స్నేహితులతో వెళ్తానంటున్నాడు. అగ్గి పుడితేనో, కరెంటు పోతేనో పరిస్థితి ఏంటి?

———

తాళంచెవి
సోమవారం, సాయంత్రం 5:30

కోడలు గారూ, అడగాల్సిన ప్రశ్న అడిగారు.

చాలాచోట్ల గది తలుపుకి ఉండేది కరెంటుతో పనిచేసే అయస్కాంతం తాళం. కరెంటు ఉన్నంతసేపే అది పట్టుకుంటుంది. కరెంటు పోయిందా, పట్టు వదిలేస్తుంది, తలుపు నెడితే వచ్చేస్తుంది. తలుపు పక్కన ఒక బటన్ కూడా ఉండాలి, నొక్కగానే తెరుచుకోవాలి. లోపలికి వెళ్ళగానే ముందు ఆ బటన్ ఎక్కడుందో అడగండి. నొక్కి చూపించమనండి. మొహమాటపడొద్దు. కొన్నిచోట్ల అసలు బయటి తలుపుకి తాళమే వెయ్యరు, మీరు వెళ్ళాల్సింది లోపలున్న ఇంకో తలుపు గుండా.

మామూలు బోల్టు బయట నుంచి వేసి, తాళంచెవి కౌంటర్లో ఉంటుందంటే మాత్రం అక్కణ్ణుంచి వెనక్కి వచ్చెయ్యండి. డబ్బులు పోయినా సరే.

ఎందుకింత చెప్తున్నానంటే, 2019 జనవరి 4న పోలండ్‌లోని కొషాలిన్ అనే ఊళ్ళో ఎస్కేప్ రూమ్‌లో మంటలొచ్చాయి. ఐదుగురు అమ్మాయిలు చనిపోయారు. అందరికీ పదిహేనేళ్ళే. ఒకమ్మాయి పుట్టినరోజని వెళ్ళారు. బయటపడటానికి వేరే దారి లేదు. ఆ తర్వాత పోలండ్ అంతటా తనిఖీలు చేసి చాలా గదులు మూయించారు. మేము ఉద్యోగంలో చేరినప్పుడు మాకు మొదట చెప్పింది ఆట నియమాలు కాదు, ఈ సంగతి.

———

కొంపల్లి_కోడలు
సోమవారం, సాయంత్రం 6:11

చదివి కాసేపు ఏమీ తోచలేదు. బటన్ నొక్కి చూపిస్తేనే పంపిస్తాను. థాంక్సండీ.

———

అమలాపురం_అమ్మడు
సోమవారం, రాత్రి 8:25

ఆయ్, నేను ఉండేది న్యూజెర్సీలోనండి. మా ఆయనా, నేనూ, ఇంకో రెండు జంటలూ కలిసి ఈజిప్టు సమాధి థీమ్‌కి వెళ్ళాం. అక్కడ తెలుగులో మాట్లాడుకుంటుంటే గేమ్ మాస్టరమ్మాయికి మేము ఎక్కడ ఆగిపోయామో తెలియట్లేదు పాపం. ఏ క్లూ ఇవ్వాలో అర్థంకాక, "మీరు బాగానే ఆడుతున్నారు" అంటూ పోయింది. మేమేమో అప్పటికి పావుగంట నుంచీ "ఈ పిల్లి బొమ్మ తోకేంటి, నా మొగుడి తలకాయేంటి" అని కొట్టుకుంటున్నాం.

మొగుడూపెళ్ళాలు మాత్రం వేర్వేరు మూలల్లో వెతకండి. ఒకే పెట్టె దగ్గర నిలబడితే పదేళ్ళ కిందటి ఫ్రిజ్ గొడవ కూడా పైకొస్తాది.

———

కంప్యూటర్_కుంభకర్ణ
సోమవారం, రాత్రి 9:03

నాదో సందేహం. బుర్ర పెట్టకుండా, తాళాన్ని 000 నుంచి వరసగా తిప్పుకుంటూ పోతే? మూడంకెల తాళానికి వెయ్యి రకాలే కదా. సెకనుకొకటి లెక్కన 17 నిమిషాల్లో అయిపోతుంది.

———

తాళంచెవి
సోమవారం, రాత్రి 9:20

మీలాంటి వాళ్ళ కోసమే నాలుగంకెలవి పెడతారు. పదివేల రకాలు. మీ లెక్క ప్రకారమే రెండు గంటల ముప్పావు. మూడంకెలు తెలిసి ఒకటి తెలియకపోతే మాత్రం తిప్పెయ్యండి, పదిసార్లతో పోతుంది. అది మోసం కాదు, తెలివి.

———

నిజాంపేట_నిద్రలేమి
సోమవారం, రాత్రి 11:50

ఇన్ని కబుర్లొస్తాయనుకోలేదు. జవాబు బయటపెట్టానని ఒకరిద్దరు విడిగా మెసేజ్ పెట్టారు. ఆ గడీ గదిని ఈ వారంతో తీసేస్తున్నారు, కొత్త థీమ్ పెడుతున్నారట. అందుకే రాశాను.

ఇంకో మాట. తిరిగి వచ్చేటప్పుడు కార్లో అందరం మౌనముని మీద పడ్డాం, "గట్టిగా చెప్పొచ్చు కదరా" అని. వాడన్నాడు, "రెండుసార్లు చెప్పాను. మొదటిసారి టాపర్ నవ్వాడు. రెండోసారి నువ్వు 'ఉండరా బాబూ, ఆలోచించనీ' అన్నావు."

అన్నాను. నాకు గుర్తుంది. అప్పుడు నా చేతిలో ఆ జింక కొమ్ము ఉంది.

మళ్ళీ వెళ్తున్నాం, వచ్చే నెల. టాపర్‌ని వేరే జట్టులో వేశాం.

———

మెదక్_మల్లన్న
మంగళవారం, ఉదయం 8:10

అన్నా, గోల్కొండల రామదాసు ఖైదు థీమ్ పెడితే ఎట్లుంటది? ఆయన పన్నెండేండ్లు లోపలున్నడంటరు. మనకు గంటనే ఇస్తరు. క్లూ కావాలంటే ఫతే దర్వాజ కాడ చప్పట్లు కొట్టాలె, పైన బాలాహిస్సార్ల గేమ్ మాస్టర్‌కు వినవడతది!

———

పులిహోర_ప్రియుడు
మంగళవారం, ఉదయం 8:22

ఫీజు ఎంత, ఆరు లక్షల వరహాలా?

———

గడినుడి_తాతయ్య
మంగళవారం, ఉదయం 8:40

ఈ దారం పుణ్యమా అని నాకో ఆలోచన వచ్చింది. ఆదివారం మనవలు ముగ్గురూ వస్తున్నారు. ఇంట్లోనే ఆడిస్తాను. స్టోరు గదిలో పాత ట్రంకు పెట్టె ఉంది, దానికి నాలుగంకెల సైకిల్ తాళం వేస్తాను. పెద్ద మనవరాలు సంగీతం నేర్చుకుంటోంది కాబట్టి కటపయాది లెక్క పెడతాను, అంటే అక్షరానికో అంకె కట్టే పాత పద్ధతి. రాగం పేరులో మొదటి రెండు అక్షరాలకీ అంకెలు కట్టి తిరగేస్తే మేళకర్త సంఖ్య వస్తుంది, అంటే 72 జనక రాగాల్లో దాని వరస నంబరు. మాయామాళవగౌళలో మ అంటే 5, య అంటే 1, తిరగేస్తే 15. సరళీ స్వరాలు నేర్పే రాగం, దానికి తెలియకుండా ఉండదు. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిరగేస్తే 29. తాళం 1529.

పెట్టెలో అరిసెలు.

తాళంచెవి బాబూ, ఇంకేమైనా జాగ్రత్తలు?

———

తాళంచెవి
మంగళవారం, ఉదయం 9:15

అద్భుతం తాతయ్య గారూ. రాగాల పేర్లు నేరుగా రాసివ్వకండి, మీరు పాడి వినిపించండి, అదే క్లూ. ఒకే ఒక్క జాగ్రత్త: ఆట మొదలుపెట్టే ముందు ప్రతి తాళాన్నీ మీరే ఒకసారి తీసి చూసుకోండి. మేము రోజూ ప్రతి ఆటకీ ముందు అదే చేసేవాళ్ళం.

———

గడినుడి_తాతయ్య
సోమవారం, ఉదయం 6:20

నిన్న ఆడించాను. పాడి వినిపించాను. పిల్లది పల్లవి కూడా పూర్తికాకుండానే రెండు రాగాలూ పట్టేసింది. కటపయాది పట్టీ చూసి 1529 రాసేసరికి ఏడు నిమిషాలు. నా మీసం కింద నవ్వు ఆగలేదు.

తాళం రాలేదు.

మళ్ళీ తిప్పింది. రాలేదు. నడిపివాడు "అక్కా, తిరగేసి చూడు" అన్నాడు. 9251. రాలేదు. చిన్నవాడికి ఎనిమిదేళ్ళు, వాడు నా వైపు చూసి "తాతా, ఇది కూడా క్లూనా?" అని అడిగాడు. నేను అవునన్నాను. ఏం చెయ్యమంటారు?

తాళంచెవి బాబు చెప్పిన మాట చదివాను, తలూపాను, చెయ్యలేదు. నంబరు పెట్టుకునేటప్పుడు ఏదో ఒక చక్రం ఒక గడి జరిగిపోయినట్టుంది. పిల్లలు ఒక్కో చక్రాన్నీ పదేసిసార్లు తిప్పుకుంటూ పోయారు. చివరి చక్రం దగ్గర, 1528కి ఊడొచ్చింది.

చిన్నవాడు అరిసె నములుతూ ఇల్లంతా తిరిగి, "తాతకే రాలేదు, మాకొచ్చింది" అని వాళ్ళ నాయనమ్మతో సహా అందరికీ చెప్పాడు. వచ్చే ఆదివారం గది వాళ్ళు కడతారట. లోపలికి వెళ్ళేది నేను.